ముద్ర లేని వాగ్గేయకారుడు

స్టీఫెన్ ఫాస్టర్ జీవితగాథ

మన వాగ్గేయకారులు పాట చివర తమ ముద్ర ఉంచడం ఆచారం. త్యాగరాజస్వామి కీర్తనలో ఆయన పేరే వినిపిస్తుంది. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు, అన్నమయ్య సంకీర్తనలో వేంకటేశుడు దర్శనమిస్తారు. పాడేవారు మారవచ్చు, కాలం మారవచ్చు, వ్రాతప్రతి పది చేతులు దాటవచ్చు. కాని ముద్ర నిలిచి ఉన్నంతకాలం ఆ పాట ఎవరిదో చెప్పడానికి వేరొక సాక్ష్యం అక్కరలేదు. ముద్ర లేని పాటల గతి వేరు. ఊడ్పుల వేళ, దంపుళ్ల వేళ మన పల్లె స్త్రీలు పాడుకొనే పాటలను మొదట కట్టినవారెవరో ఎవరూ ఎరుగరు. పాటలు జనం నోట బ్రతికాయి. కట్టినవారి పేర్లు మట్టిలో కలిసిపోయాయి.

పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా దేశంలో ఈ రెండు గతులకు నడుమ చిక్కుకొన్న వాగ్గేయకారుడొకడు ఉన్నాడు. సాహిత్యం, సంగీతం రెండూ చాలావరకు అతడివే. అతడు కట్టిన పాటలు ఆ దేశంలో ఇల్లిల్లూ చేరాయి. సముద్రాలు దాటి అన్య భాషలలోకి వెళ్లాయి. అయినా తన పేరు తన పాట మీద నిలుపుకోవడానికి అతడు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఒకసారి అచ్చువారు పేరు తప్పువేశారు. మరొకసారి పరులు పాటనే అపహరించారు. ఇంకొకసారి తన పేరును తానే అమ్ముకొన్నాడు. అతడే స్టీఫెన్ కాలిన్స్ ఫాస్టర్.

బాల్యం

1826వ సంవత్సరం జూలై 4వ తేదీ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఏబదియేండ్లు నిండిన పండుగ దినం. ఆ దేశపు పూర్వాధ్యక్షులలో ఇద్దరు, జాన్ ఆడమ్సు, థామస్ జెఫర్సన్, ఆనాడే కన్నుమూశారు. ఆనాడే పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గు నగరానికి చేరువనున్న లారెన్స్‌విల్ అనే చోట స్టీఫెన్ జన్మించాడు. తండ్రి విలియం బార్‌క్లే ఫాస్టర్ వ్యాపారి. ఆ ఊరిని వెలయింపజేసినవాడు ఆయనే. తల్లి ఎలైజా. బ్రతికి బట్టకట్టిన సంతానంలో స్టీఫెన్ కడగొట్టువాడు. తండ్రి వ్యవహారాలు తలక్రిందులై, బిడ్డకు ఊహ తెలిసేనాటికే ఇల్లు బ్యాంకు పరమైపోయింది. ఆ తరువాత కుటుంబం ఒకచోట నిలకడగా ఉన్నది లేదు. పోగొట్టుకొన్న ఇల్లు, దూరమైన ఊరు, తిరిగిరాని రోజులు అన్న భావాలు ఈతని పాటలలో మాటిమాటికీ వినిపించడానికి ఈ బాల్యం కొంత కారణమై ఉంటుంది.

ఏడేండ్ల వయస్సులో అంగడిలో కనిపించిన చిన్న పిల్లనగ్రోవిని చేతికి తీసుకొని, ఎవరూ నేర్పకుండానే రాగం పలికించాడని అన్న మారిసన్ తరువాతి కాలంలో వ్రాశాడు. తొమ్మిదేండ్లప్పుడు ఇరుగుపొరుగు పిల్లలు బండిసాలలో నాటకాలాడితే వాటిలో పాటలు పాడి అందరి మెప్పూ పొందినవాడు ఇతడేనట. పదునాలుగేండ్లకే, ఏథెన్సు అనే ఊళ్లోని పాఠశాలలో చదువుకొంటూ, వేణువులపై వాయించడానికి ఒక వాల్ట్‌జు నృత్యగతి కూర్చాడు. 1841లో కళాశాలలో చేర్చగా కొద్ది రోజులకే ఇంటిదారి పట్టాడు. బడి చదువు మీద అతడికి మనస్సు నిలువలేదు. అంతమాత్రాన సోమరి అనుకోరాదు. జర్మనీ దేశం నుండి వచ్చి పిట్స్‌బర్గులో స్థిరపడిన హెన్రీ క్లీబర్ అనే విద్వాంసుని వద్ద సంగీతం అభ్యసించాడు. మొజార్టు, బీథోవెన్ వంటి మహావిద్వాంసుల కృతులను ఓపికతో పరిశీలించాడు.

1844లో, పద్దెనిమిదేండ్ల వయస్సున, ఫిలడెల్ఫియాలో అతడి మొదటి పాట అచ్చయింది. దానికి సాహిత్యం మరొక కవిది, వరుస ఇతడిది. ఆ స్వరపత్రం మీద అచ్చువారు ఇతడి పేరులోని తొలి అక్షరాలను తప్పుగా వేశారు. కుర్రవాని మొదటి పాటకు జరిగిన చిన్న పొరపాటు అది. తరువాత జరుగబోయే వాటికి అది నాంది అని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు.

మసి పూసుకొన్న మేళాలు

ఆ రోజులలో అమెరికా నగరాలలో మిన్‌స్ట్రెల్ మేళాలనేవి విపరీతంగా ప్రచారంలో ఉండేవి. తెల్లజాతి నటులు కాల్చిన బెండు మసిని ముఖానికి పూసుకొని, నల్లవారి వేషం కట్టి, వారి మాటతీరును, నడకను వెక్కిరిస్తూ ఆడి పాడేవారు. దక్షిణ రాష్ట్రాలలో లక్షలాది నల్లజాతి ప్రజలు బానిసలై ప్రత్తి చేలలో మగ్గుతున్న కాలమది. వారి దైన్యం ఈ మేళాలకు హాస్యవస్తువయింది. ఈ పాటలకు ఇథియోపియను పాటలని పేరు. జనం వాటిని విరగబడి వినేవారు; పెద్దమనుష్యుల ఇండ్లలో మాత్రం అవి హీనమైనవని భావించేవారు. పాటకు గిరాకీ అంతా అక్కడ ఉన్నది. గౌరవం మరొకచోట ఉన్నది. ఫాస్టర్ బ్రతుకంతా ఈ రెంటి మధ్య ఊగిసలాడింది.

1846 చివర అతడు సిన్సినాటి నగరానికి వెళ్లి, అన్న డన్నింగ్ భాగస్వామిగా ఉన్న స్టీమరు కంపెనీలో జమాఖర్చులు వ్రాసే గుమాస్తాగా చేరాడు. ఆ నగరం ఒహాయో నది ఒడ్డున ఉన్నది. నదికి ఈవల బానిసత్వం లేని రాష్ట్రం. ఆవలి గట్టున బానిసలున్న కెంటకీ రాష్ట్రం. రేవులో స్టీమర్లు వచ్చి పోతుండేవి. పగలు లెక్కలు వ్రాస్తూ, రాత్రి పాటలు కడుతూ అతడు మూడేండ్లకు పైగా అక్కడ గడిపాడు.

ఆ కాలంలో కట్టినదే 'ఓ సుసానా' అన్న పాట. 1847 సెప్టెంబరు 11న పిట్స్‌బర్గులోని ఒక ఐస్‌క్రీము శాలలో దానిని మొదటిసారి పాడారు. విన్నవారు విన్నట్లే నేర్చుకొన్నారు. మేళాలవారు ఊరూరా పాడారు. 1848 ఫిబ్రవరిలో న్యూయార్కులో ఒక ప్రకాశకుడు దానిని అచ్చువేశాడు. దానిమీద ఫాస్టర్ పేరు లేదు. అది మొదలు 1851 ఫిబ్రవరి దాకా మూడు సంవత్సరాలలో ఆ ఒక్క పాటను కనీసం 21 పర్యాయాలు వేర్వేరు వ్యక్తులు తమ హక్కుగా నమోదు చేయించుకొని అచ్చొత్తించారు. కాలిఫోర్నియాలో బంగారం దొరికిందని విని 1849లో వేలాది ప్రజలు బండ్ల మీద, ఓడల మీద పడమరకు పరుగులు తీసినప్పుడు, తమకు తోచిన మాటలు చేర్చి దారిపొడుగునా ఈ పాటనే పాడుకొన్నారు. ఆ పాటవల్ల ప్రకాశకులు వేల డాలర్లు గడించారని ప్రసిద్ధి. దానిని కట్టినవానికి ముట్టినది 100 డాలర్లు.

రెండు సెంట్ల ఒడంబడిక

నష్టపోయినవాడు అయినా ఫాస్టర్ ఇందులో ఒక సత్యాన్ని గ్రహించాడు. పాటలు కట్టి బ్రతుకవచ్చునన్నదే ఆ సత్యం. అంతవరకు అమెరికాలో పాటలు కట్టినవారు సంగీత పాఠాలు చెప్పుకొనో, మేళాలలో పాడుకొనో, దేవాలయాలలో ఆర్గన్ వాయించుకొనో పొట్టపోసుకొన్నవారే. కేవలం పాటల అమ్మకం మీద కుటుంబాన్ని పోషించుకోవాలని సంకల్పించిన మొదటివారిలో ఇతడొకడు. 1849లో న్యూయార్కుకు చెందిన ఫర్త్, పాండ్ అండ్ కంపెనీతో ఒడంబడిక కుదిరింది. అమ్ముడైన ప్రతి స్వరపత్రానికి రెండు సెంట్లు రాయల్టీ ఇవ్వడానికి వారు అంగీకరించారు. 1850 ఆరంభంలో గుమాస్తా పని వదలి పిట్స్‌బర్గు చేరుకొన్నాడు. ఆ జూలై 22న, నగరంలోని ఒక వైద్యుని కుమార్తె జేన్ మెక్‌డొవెల్‌ను వివాహమాడాడు. మరుసటి ఏప్రిల్‌లో వారికి మారియన్ అనే కుమార్తె కలిగింది.

ఇక్కడ ఆనాటి వ్యాపారపు తీరు కొంచెం తెలుసుకోవాలి. అప్పటికి గ్రామఫోను లేదు, రేడియో లేదు. పాట అమ్మకమంటే అచ్చయిన స్వరపత్రాల అమ్మకమే. నడిమి తరగతి ఇండ్లలో పియానో ఒకటి ఉండేది. సాయంకాలం ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి పాడుకొనేవారు. ఫాస్టర్ అనేక పాటలలో చరణం ఒకరు పాడడానికి, చివర వచ్చే పల్లవి నలుగురు నాలుగు గొంతులతో కలిసి పాడడానికి అనువుగా వ్రాశాడు. 1855లో అచ్చయిన ఒక పాటనైతే మొదటినుండి చివరిదాకా నాలుగు గొంతుల బృందగానంగానే కూర్చాడు. చట్టం అచ్చుప్రతికి కొంత రక్షణ ఇచ్చింది గాని, రంగస్థలం మీద పాడినందుకు కర్తకు సొమ్ము చెల్లించాలనే నియమం అప్పటికి లేదు. ఆ హక్కు అమెరికాలో 1897కు గాని రాలేదు. కావున ఒక మేళం వేయిసార్లు పాడి, వేయిసార్లు టిక్కెట్లు అమ్ముకొన్నా పాట కట్టినవానికి దమ్మిడీ రాలేదు.

తన పాటలే కాక ఇతరుల సంగీతాన్ని కూడా గృహస్థులు వాయించుకోవడానికి వీలుగా అతడు సవరించి కూర్చాడు. 1854లో వెలువడిన 'ది సోషల్ ఆర్కెస్ట్రా' అన్న సంపుటంలో వేణువు, వయొలిన్, పియానో వంటి వాద్యాలకు 73 రచనలను అమర్చాడు. ఆ శ్రమకు ప్రతిఫలం రాయల్టీ కాదు. ఏకమొత్తంగా 150 డాలర్లు. పుస్తకం బాగా అమ్ముడయింది గాని, ఆ లాభంతో అతడికి సంబంధం లేదు.

అమ్ముకొన్న పేరు

ఫాస్టర్ కీర్తికి శిఖరమని చెప్పదగిన పాట 'ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్'. ఇంటికి దూరమై, ముసలి తలిదండ్రులను తలచుకొని వాపోయే నల్లజాతివాని పాట అది. అందులో ఒక నది పేరు కావలసివచ్చింది. మొదట పీడీ అనే నది పేరు వ్రాసుకొన్నాడు. చెవికి ఇంపుగా లేదు. అన్నతో కలిసి దేశపటాల పుస్తకం తిరగవేస్తుండగా ఫ్లోరిడా రాష్ట్రంలో సువానీ అన్న పేరు కనిపించింది. దానిని కొద్దిగా కుదించి పాటలో పొదిగాడు. ఆ నదిని అతడు జీవితంలో ఎన్నడూ చూడలేదు. దక్షిణాదికి అతడు చేసిన పెద్ద ప్రయాణం 1852లో భార్యతోను మిత్రులతోను స్టీమరు మీద న్యూ ఆర్లియన్సు దాకా వెళ్లిరావడమొక్కటే. అప్పటికే ఆ పాట అచ్చయింది.

1851 శరత్కాలంలో స్వరపత్రం వెలువడినప్పుడు దాని ముఖపత్రం మీద రచయితగా, సంగీతకర్తగా అచ్చయిన పేరు ఎడ్విన్ క్రిస్టీ. అతడు ఆనాటి ప్రసిద్ధమైన మిన్‌స్ట్రెల్ మేళానికి నాయకుడు. తన పాటలను మొదట పాడే అవకాశాన్ని ఫాస్టర్ క్రిస్టీకి కొద్దిపాటి సొమ్ముకు ఇస్తుండేవాడు. ఈసారి కర్తృత్వాన్ని కూడా ఇచ్చివేశాడు. దీనికి బలవంతం ఏదీ లేదు. ఇథియోపియను పాటలు కట్టేవాడన్న పేరు తనకు వస్తే, సున్నితమైన ప్రేమగీతాల కర్తగా తనకు కలుగవలసిన గౌరవానికి భంగం కలుగుతుందని అతడు జంకాడు. ఏ పాట తన సర్వోత్తమ సృష్టి అయిందో ఆ పాటను చూచే సిగ్గుపడ్డాడు.

పాట దేశమంతటా మారుమ్రోగింది. అప్పుడు ఫాస్టర్ కళ్లు తెరిచాడు. 1852 మే 25న క్రిస్టీకి ఉత్తరం వ్రాశాడు. ఈ తరహా పాటలను గూర్చి ఇకమీదట భయపడననీ, సిగ్గుపడననీ, వాటిలోని మోటుమాటలు తొలగించి సంస్కారవంతులు సైతం పాడుకొనేటట్లు చేయడానికి తాను చాలా పాటుపడ్డాననీ, కనుక తన పేరు తనకు తిరిగి ఇవ్వవలసిందనీ కోరాడు. క్రిస్టీ ఒప్పుకోలేదు. ఆ ఉత్తరం వెనుక ఫాస్టర్‌ను నిలకడలేనివాడని దూషించే మాటలు వ్రాసి ఉంచాడు. రాయల్టీ మాత్రం ఫాస్టర్‌కు వచ్చింది. 1857 ఆరంభంనాటికి ఆ ఒక్క పాటమీద అతడికి ముట్టినది 1,647 డాలర్లు. పేరు మాత్రం 1879లో కాపీరైటు గడువు తీరేదాకా క్రిస్టీ ఖాతాలోనే నిలిచిపోయింది. అప్పటికి ఫాస్టర్ చనిపోయి పదునైదేండ్లు.

పాట కట్టే విధం

ఫాస్టర్ పాటలు వినడానికి ఎంతో సులువుగా ఉంటాయి. అందువల్ల అవి ఆశువుగా వచ్చి ఉంటాయని చాలమంది భ్రమపడ్డారు. 1851 నుండి అతడు ఉంచుకొన్న చిత్తుపుస్తకం ఒకటి నేటికీ పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నది. దానిని చూచినవారికి ఆ భ్రమ తీరుతుంది. ఒక్కొక్క పంక్తిని ఎన్నోసార్లు కొట్టివేసి, మాట మార్చి, మళ్లీ కొట్టివేసి వ్రాశాడు. నది పేరు మార్చుకొన్న వైనం కూడా ఆ పుటలలోనే కనిపిస్తుంది.

అతడి వరుసలు శిక్షణలేని గొంతుకు కూడా అందుతాయి. మంద్రానికి దిగలేక, తారానికి ఎక్కలేక పాడేవాడు చిక్కుపడడు. సహకారంగా పియానోపై వాయించవలసిన స్వరమేళనాలు మూడో నాలుగో. చిన్నపిల్ల వ్రేళ్లకు కూడా సాధ్యమైనవే. ఒక పంక్తి వినగానే తరువాతి పంక్తి ఎటు నడుస్తుందో శ్రోతకు స్ఫురిస్తుంది. ఇల్లాలు, బడిపిల్లవాడు, ఓడ సరంగు ఎవరైనా ఒక్కసారి విని పాడగలగాలన్నదే అతడి లక్ష్యం. అట్టి పాట కట్టడం పండితులు మెచ్చే కృతి కట్టడంకంటె తేలిక అని తలచరాదు. అనవసరమైనదంతా తీసివేసిన పిమ్మట మిగిలినది నిలబడాలి.

సంకరమైన ఋణం

ఇంతవరకు పాట కట్టినవానికి జరిగిన అన్యాయాన్ని గూర్చి చెప్పుకోవడమైనది. రెండవ పక్షాన్ని కూడా విచారించకపోతే చరిత్రకు న్యాయం జరుగదు. ఫాస్టర్ ఎవరి నోట తన పాటలు పలికించాడో ఆ నల్లజాతి ప్రజలకు తమ పాట మీద ఏ హక్కు ఉన్నది? బానిసకు తన దేహంమీదే హక్కు లేదు. వారి గొంతులోని విషాదాన్ని, లయను, పదాలను మేళాలవారు ఎత్తుకొని వికృతం చేసి సొమ్ము చేసుకొన్నారు. ఫాస్టర్ తొలిపాటలలో కూడా ఆ వెక్కిరింతలున్నాయి. 'ఓ సుసానా' మొదటి ప్రతిలోని కొన్ని మాటలను నేడు ఏ పాఠశాలలోను పాడించరు, పాడించరాదు.

అయినా అతడు అక్కడే ఆగలేదు. 1849లో అచ్చయిన 'నెల్లీ వాజ్ ఎ లేడీ' అన్న పాటలో భార్యను పోగొట్టుకొన్న నల్లజాతి భర్త దుఃఖాన్ని గౌరవంతో చిత్రించాడు. నల్లజాతి దంపతులకు ప్రేమ, శోకం, మర్యాద ఉన్నాయని మేళాల పాట ఒప్పుకోవడం ఆనాటికి క్రొత్త. 1852లో హారియెట్ బీచర్ స్టోవ్ వ్రాసిన 'అంకుల్ టామ్స్ కేబిన్' నవల దేశాన్ని కదిలించింది. దానివల్ల ప్రేరణ పొంది టామ్ పేరుతోనే ఒక పాట మొదలుపెట్టి, తరువాత ఆ పేరును, యాసను తొలగించి, 1853లో 'మై ఓల్డ్ కెంటకీ హోమ్'గా వెలువరించాడు. దక్షిణాదికి అమ్ముడుపోయి అయినవారికి దూరమైన బానిస ఆవేదన అందులోనిది. తానే బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చి, నల్లజాతి విమోచనకు గొంతెత్తిన ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో చేసిన ఉపన్యాసంలో ఇట్టి పాటలు బానిసల పట్ల సానుభూతిని మేల్కొల్పుతాయని చెప్పాడు. అయినా ఫాస్టర్ బానిసత్వాన్ని ఎదిరించి పోరాడినవాడు కాడు. పాత తోటల జీవితం ఏదో తీయని స్వప్నమన్న భ్రమను కూడా అతడి పాటలు వ్యాపింపజేశాయి. తన పేరును అపహరించారని బాధపడినవాడే, పేరులేని లక్షల జనం పాటకు తాను పడిన ఋణాన్ని ఎక్కడా వ్రాసి ఉంచలేదు.

పతనం

1854లో 'జీనీ విత్ ద లైట్ బ్రౌన్ హెయిర్' అన్న ప్రేమగీతం వెలువడింది. భార్య జేన్‌ను తలచుకొని వ్రాసినదే అది. అప్పటికే దంపతుల మధ్య ఎడబాటు ఒకసారి కలిగి తొలగింది. 1855 జనవరిలో తల్లి, జూలైలో తండ్రి, మరుసటి మార్చిలో అన్న డన్నింగ్ మరణించారు. అతడిలో సృష్టి సన్నగిల్లింది, ఖర్చు మాత్రం తగ్గలేదు, త్రాగుడు అలవాటయింది. ప్రకాశకుల వద్ద ముందుగా సొమ్ము తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

ఒకప్పుడు స్టీమరు కంపెనీ లెక్కలు వ్రాసిన ఆ చేత్తోనే 1857లో తన పాటల లెక్క తాను వ్రాసుకొన్నాడు. ఏ పాటమీద ఎంత వచ్చింది, ఇకముందు ఎంత రావచ్చును అని ఒక్కొక్కటే పద్దు వేసి, ఆ పాటల భవిష్యత్తు హక్కులన్నింటినీ ప్రకాశకులకు సుమారు 1,870 డాలర్లకు అమ్మివేశాడు. అప్పులు తీరాయి. కాని నిత్యం పాలిచ్చే ఆవును అమ్మి ఒకనాటి విందు చేసుకొన్నట్లయింది. 1849 నుండి 1860 వరకు అతడికి పాటలవల్ల వచ్చిన మొత్తం 15,091 డాలర్లని చరిత్రకారులు లెక్క తేల్చారు. చక్కగా నిర్వహించుకొని ఉంటే నెమ్మదిగా బ్రతుకదగిన ఆదాయమే. పాటను తీర్చిదిద్దడంలో ఉన్న ఓర్పు అతడికి బ్రతుకును తీర్చిదిద్దుకోవడంలో లేకపోయింది.

1860లో భార్యాబిడ్డలతో న్యూయార్కు చేరాడు. ఆ ఏడే 'ఓల్డ్ బ్లాక్ జో' వెలువడింది. మేళాల యాస ఏమాత్రం లేని గంభీరమైన పాట అది. మరుసటి సంవత్సరం అంతర్యుద్ధం ఆరంభమయింది. జేన్ కుమార్తెను వెంటబెట్టుకొని పెన్సిల్వేనియాకు తిరిగి వెళ్లి, రైలు కంపెనీలో తంతి గుమాస్తాగా పనిచేసి బిడ్డను పోషించుకొన్నది. ఫాస్టర్ ఒంటరివాడయ్యాడు. చౌక హోటళ్లలో ఉంటూ, కట్టిన పాటను కట్టినట్లే రొక్కానికి అమ్ముకొంటూ కాలం గడిపాడు. యుద్ధగీతాలు, హాస్యగీతాలు, ఆదివారపు బడులలో పిల్లలు కలిసి పాడుకొనే భక్తిగీతాలు ఏవి అడిగితే అవి కట్టాడు. జార్జి కూపర్ అనే యువకవి సాహిత్యం అందించగా ఇతడు వరుసలు కూర్చేవాడు. 1863లో ఒక్క సంవత్సరంలోనే నలుబదికి పైగా పాటలు వెలువడ్డాయి. వాటిలో నిలిచినవి బహు స్వల్పం.

1864 జనవరిలో జ్వరంతో పడి ఉన్న ఫాస్టర్, బవరీ వీధిలోని హోటలు గదిలో తూలి చేతులు కడిగే తొట్టిమీద పడగా మెడకు పెద్ద గాయమయింది. కూపర్ వచ్చి చూచి బెల్‌వ్యూ ఆసుపత్రికి చేర్చాడు. ఆ నెల 13వ తేదీన, ముప్పది ఏడేండ్ల వయస్సున, అయినవారెవరూ దగ్గర లేకుండా అతడు మరణించాడు. అతడి సంచిలో దొరికినవి 38 సెంట్లు, స్నేహితులను, మృదుహృదయులను సంబోధిస్తూ నాలుగైదు మాటలు వ్రాసిన చిన్న కాగితపు ముక్క. కట్టబోయిన పాటకు అది ఎత్తుగడ కావచ్చు. భార్య, అన్నలు వచ్చి దేహాన్ని పిట్స్‌బర్గుకు తీసుకొనిపోయారు. జనవరి 21న అలెగేనీ శ్మశానవాటికలో ఖననం చేసినప్పుడు వాద్యబృందం అతడి పాటలనే వాయించింది.

మరణానంతరం

అతడు పోయిన ఏడే 'బ్యూటిఫుల్ డ్రీమర్' వెలువడింది. బ్రతికి ఉండగా అచ్చులో చూచుకోని ఆ పాట అతడి ప్రేమగీతాలలోకెల్ల ప్రసిద్ధికెక్కింది. 1879 నుండి ముఖ్యమైన పాటల కాపీరైట్లు పునరుద్ధరింపబడి భార్యకు, కుమార్తెకు కొంత ఆదాయం వచ్చింది. 1894 జనవరిలో చెక్ జాతి సంగీత విద్వాంసుడు డ్వోర్జాక్ 'ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్'ను ఏకగాయకులకు, బృందగానానికి, పెద్ద వాద్యసమ్మేళనానికి అమర్చి న్యూయార్కులో వినిపించాడు. ఆనాడు పాడినవారిలో హ్యారీ బర్లీ అనే నల్లజాతి గాయకుడున్నాడు. మసి పూసుకొన్న ముఖంతో మొదలైన పాటను నల్లజాతి విద్వాంసుడు సభామధ్యంలో పాడగా జనం విన్నారు. జపాను దేశంలో ఫాస్టర్ వరుసలు ఆ దేశభాషలో పాఠశాలల పాటల పుస్తకాలలోకి ఎక్కాయి. 1928లో కెంటకీ, 1935లో ఫ్లోరిడా రాష్ట్రాలు అతడి పాటలను తమ రాష్ట్రగీతాలుగా స్వీకరించాయి.

1941లో ఒక విచిత్రం జరిగింది. ప్రతిఫలం విషయమై సంగీతకర్తల సంఘానికి, అమెరికా రేడియో సంస్థలకు తగవు వచ్చింది. ఆ సంఘంవారి పాటలను మానివేసి, కాపీరైటు లేని పాతపాటలను రేడియోవారు ప్రసారం చేశారు. అందులో 'జీనీ' పాట విసుగెత్తేటంతగా వినిపించింది. జీవితమంతా ప్రతిఫలం కోసం పెనుగులాడినవాని పాట, ప్రతిఫలం అక్కరలేని పాట అయినందువల్లనే అన్నిసార్లు వినిపించింది.

రెండవ ఋణం కూడా కాలం మరచిపోలేదు. నల్లజాతిని కించపరిచే మాటను తొలగించి కెంటకీ శాసనసభ 1986లో తన రాష్ట్రగీతాన్ని సవరించింది. ఫ్లోరిడా కూడా 2008లో అట్లే చేసింది. పిట్స్‌బర్గులో 1900లో నెలకొల్పిన ఫాస్టర్ విగ్రహం పాదాలచెంత నల్లజాతివాడొకడు కూర్చుండి తీగవాద్యం వాయిస్తూ ఉంటాడు. పాట ఇచ్చినవాడు క్రింద, వ్రాసుకొన్నవాడు పైన. ఎంతో చర్చ జరిగిన తరువాత 2018 ఏప్రిల్‌లో నగరంవారు దానిని అక్కడినుండి తొలగించారు. విగ్రహం తొలగినా వరుసలు తొలగలేదు. మాటలు మార్చుకొని జనం పాడుతూనే ఉన్నారు.

ఫాస్టర్ రచనలు రెండువందలకు పైబడినవి. వాటిలో ఒక పది పన్నెండు నేటికీ సజీవంగా ఉన్నాయి. ఒక మనిషి జీవితానికి అది తక్కువ ఫలం కాదు. బడిలో పిల్లలచేత కలిసి పాడించే ప్రతి పాట వెనుక ఒక కవి, ఒక వరుస కట్టినవాడు, ఆ ఇద్దరికంటె ముందు పేరు తెలియని గొంతులు ఎన్నో ఉంటాయి. పాట నేర్పేటప్పుడు పల్లవితోపాటు ఆ పేర్లను కూడా పిల్లలకు చెప్పగలిగితే, పాటలో ముద్ర వేసుకోలేకపోయినవారికి వినేవారి మనస్సులలోనైనా ముద్ర నిలుస్తుంది.